రమ్మీ కంపెనీలో ఆరేళ్లు చేశాక ఉద్యోగం పోయింది. మళ్లీ ఇదే లైన్‌లోకి వెళ్లొచ్చా?

పేకముక్క_92
వయసు 33. కూకట్‌పల్లిలో ఉంటాను, సొంతూరు పాలకొల్లు. ఒక రమ్మీ యాప్ కంపెనీలో ఆరేళ్లు పేమెంట్స్, ఫ్రాడ్ టీమ్‌లో చేశాను. ఒకే ఫోన్ నుంచి నాలుగు ఖాతాలు తెరిచి ఒకే టేబుల్ మీద కూర్చునే బ్యాచ్‌లను పట్టుకోవడం, దొంగ పాన్ కార్డులు ఏరెయ్యడం, బ్యాంకుల నుంచి వచ్చే చార్జ్‌బ్యాక్‌లకు (కస్టమర్ బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడం) జవాబులు రాయడం నా పని. 2025 ఆగస్టులో చట్టం వచ్చింది, డబ్బు ఆటలన్నీ మూతపడ్డాయి. మా టీమ్‌లో 18 మందిమి ఒకే మీటింగ్‌తో ఇంటికొచ్చేశాం.

నాలుగు నెలల నుంచి ఖాళీ. ఫ్లాట్ ఈఎంఐ 41 వేలు. ఇప్పుడు చేతిలో మూడు దారులున్నాయి.

ఒకటి, బ్రిటన్ బెట్టింగ్ గ్రూపుకి హైదరాబాద్‌లో ఉన్న టెక్ ఆఫీసు. ఫ్రాడ్ అనలిస్ట్. పాత జీతం కంటే కొంచెం ఎక్కువ, ఇంకా రెండు రౌండ్లు ఉన్నాయి. రెండు, మాల్టాలో ఒక ఆన్‌లైన్ కాసినోలో విఐపి మేనేజర్. జీతం యూరోల్లో. మూడు, టెలిగ్రామ్‌లో వచ్చింది. దుబాయ్‌లో "ప్యానెల్ ఆపరేటర్", నెలకి లక్షా ఇరవై వేలు, ఫ్లాటు, టికెట్టు వాళ్లదే. ఇంటర్వ్యూ పది నిమిషాలు కూడా జరగలేదు.

మా ఆవిడేమో "ఈ పేకాట గోల వదిలెయ్, ఏ బ్యాంకులోనో చూసుకో" అంటోంది. బ్యాంకుల వాళ్లు రెజ్యూమెలో రమ్మీ అన్న మాట చూడగానే ఫోన్ పెట్టేస్తున్నారు. ఈ లైన్‌లో ఉన్నవాళ్లు, ఉండి బయటపడ్డవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

అల్లుడుగారు
మూడోది వినగానే మా మావయ్య గుర్తొచ్చాడు. సంక్రాంతికి బరి దగ్గర నిలబడి "ఈ డేగ మీద వేసుకో అల్లుడూ, టికెట్టు నాది" అనేవాడు. టికెట్టు ఆయనదే, జేబు నాది.

సిరిపురం_చిన్నోడు
మూడో దాన్ని ఈ క్షణమే బ్లాక్ చెయ్. జోకు కాదు. మాది వైజాగ్. మా పిన్ని కొడుకుని ఇలాగే డేటా ఎంట్రీ అని చెప్పి కాంబోడియా తీసుకెళ్లారు. ఏజెంటు లక్షన్నర పుచ్చుకున్నాడు. దిగగానే పాస్‌పోర్టు లాక్కున్నారు. ఒక గదిలో పన్నెండు మంది, ఎదురుగా కంప్యూటర్లు, ఇండియా వాళ్లకి ఫోన్లు చేసి మోసం చెయ్యాలి. చెయ్యనంటే తిండి ఉండదు. 2024 మేలో సిహనూక్‌విల్‌లో మనవాళ్లు తిరగబడ్డారు, ఎంబసీ కొన్ని పదుల మందిని వెనక్కి పంపింది. అప్పుడే వైజాగ్ పోలీసులు ఇక్కడి ఏజెంట్లను పట్టుకున్నారు. పేపర్లో రోజూ వచ్చింది, మర్చిపోయుంటారు. మయన్మార్ సరిహద్దు నుంచి 2025 మార్చిలో 549 మందిని మన వైమానిక దళం విమానాల్లో తెచ్చారు.

మావాడు వచ్చాక కూడా ఆరు నెలలు ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు.

పేకముక్క_92
చిన్నోడు, ఇది కాంబోడియా కాదు కదా, దుబాయ్. కాల్ సెంటర్ కూడా కాదు. ఐడీలు తెరిచి ఇవ్వడం, డిపాజిట్లు చూసుకోవడం అన్నారు.

నల్లకోటు
పేకముక్క గారు, "ప్యానెల్" అన్న మాట మీకు తెలియకపోవడం ఆశ్చర్యంగా ఉంది. మహాదేవ్ బెట్టింగ్ యాప్ కేసు గుర్తుందా? దుబాయ్ నుంచి నడిపారు. ఈడీ చెప్పింది ఏంటంటే ఊరూరా బ్రాంచీల్లాగా ప్యానెల్స్ ఇచ్చారు, లాభాల్లో 70-30 వాటాలు. 2023 నవంబర్‌లో కేంద్రం దాంతో కలిపి 22 యాప్‌లు, సైట్లు బ్లాక్ చేసింది. ప్యానెల్ ఆపరేటర్ అంటే ఇతరుల పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాల్లోకి డబ్బు తిప్పేవాడు. రేపు కేసయితే ఆ లావాదేవీల పక్కన ఉండేది మీ లాగిన్.

ఇక చట్టం. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం అయింది. ఇక్కడి జనానికి డబ్బు ఆట అందిస్తే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటన ఇస్తే రెండేళ్లు, యాభై లక్షలు. డబ్బు లావాదేవీలు నడిపినా మూడేళ్లు, కోటి. ఆడేవాడికి శిక్ష లేదు. ప్యానెల్ మీద కూర్చున్నవాడు ఆడేవాడి కింద లెక్క కాదు.

అల్లుడుగారు
ఆ 22లో ఒకదాని పేరులో "రెడ్డి అన్న" అని కూడా ఉంది. మన పేరు పెట్టి మనల్నే ముంచారు.

ఓడిపోయినోడు
మీ బాధ నాకు అర్థం కావట్లేదు. ఆరేళ్లు ఆ కంపెనీలో జీతం తిన్నావు. నాలాంటివాళ్ల డబ్బే అది. 2022, 23లో 7 లక్షల 40 వేలు పోగొట్టుకున్నాను రమ్మీలో. చెల్లెలి పెళ్లికి దాచింది. ఇప్పుడు ఉద్యోగం పోయిందని సలహా అడుగుతున్నావా?

పేకముక్క_92
అన్నా, తిట్టు పడతాను. కానీ నేను మోసగాళ్లని పట్టుకునే పనిలో ఉన్నాను, ఎవరినీ ఆడమని పిలవలేదు. మీతో ఒకే టేబుల్ మీద కూర్చుని కుమ్మక్కై ఆడే గ్యాంగుల్ని తీసేసింది మా టీమే.

ఓడిపోయినోడు
అంటే నేను నిజాయితీగా ఓడిపోయేలా చూశారన్నమాట. థ్యాంక్స్.

హుస్సేన్‌సాగర్_గట్టు
😂 ఈ ఒక్క లైను కోసమే ఈ చర్చ చదవొచ్చు.

బీరు_బాబు
మద్యం కంపెనీలో అకౌంటెంట్‌ని ఎవరైనా ఇలా అడుగుతారా? సిగరెట్ కంపెనీలో ఉద్యోగం వస్తే స్వీట్లు పంచుతారు. రమ్మీ అనగానే అందరూ నీతి శాస్త్రం చదివినవాళ్లే.

లెక్కల_మాస్టారు
బీరు బాబు, పోలిక కొంతవరకే. సీసా కొంటే సీసా వస్తుంది. రూలెట్ చక్రంలో 37 గళ్లు ఉంటాయి, 1 నుంచి 36, ఒక సున్నా. నీ నంబర్ వస్తే 35 రెట్లు ఇస్తారు. ఆ ఒక్క సున్నా వల్ల వందకి 2 రూపాయల 70 పైసలు కాసినో వాళ్లది. అమెరికా చక్రంలో రెండు సున్నాలు, అక్కడ 5 రూపాయల 26 పైసలు. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ అది వేసిన ప్రతి పందెం మీద. గెలిచిన వందనే రాత్రంతా తిప్పితే ఆ వంద మీద ఎన్నిసార్లు కోత పడుతుందో మీరే లెక్క వేసుకోండి. ఫోన్లో చక్రం తిరగడానికి పది సెకన్లు చాలు.

రమ్మీ వేరు, అది నైపుణ్యం అని వాదించేవాళ్లకి ఒక ముచ్చట. 1968లో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. కేసు ఎక్కడిదో తెలుసా, సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బుది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ. పదమూడు ముక్కల ఆటలో ఏది పడింది, ఏది పట్టాలి, ఏది వదలాలి అని గుర్తుపెట్టుకోవాలి కాబట్టి నైపుణ్యమే ఎక్కువ అన్నారు. దేశం మొత్తంలో రమ్మీ కంపెనీలన్నీ మన క్లబ్బు పేరు చెప్పుకునే బతికాయి.

నల్లకోటు
మాస్టారు సరిగ్గా చెప్పారు. కానీ తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో సొంత చట్టాలు మార్చి డబ్బు పెట్టే ఆన్‌లైన్ రమ్మీని ఆపేశాయి. 2025 చట్టం అయితే నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడానే తీసేసింది. డబ్బు పెట్టి డబ్బు ఆశిస్తే చాలు. హైకోర్టుల్లో వేసిన కేసులన్నీ సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

పేకముక్క_92
మాస్టారూ, దాంట్లో ఒక తమాషా. హైదరాబాద్‌లో కూర్చుని ఆట నడిపేవాళ్లం, హైదరాబాద్‌లో ఎవరూ ఆడకూడదు. లొకేషన్ బ్లాక్ చేసేది కూడా మేమే. మా బాబాయి బీదర్ వెళ్లి బస్టాండ్‌లో లాగిన్ అయ్యేవాడు. పట్టుకుని బ్లాక్ చేశాను. సంక్రాంతికి ఇంట్లో నాతో మాట్లాడలేదు.

గచ్చిబౌలి_గణపతి
ఈ లైన్‌లో చట్టం ఒక రాత్రిలో కొంప ముంచడం మొదటిసారి కాదు. 2005లో మాదాపూర్‌లో కొత్తగా ఇంజనీర్లయిన వాళ్లకి పోకర్ కంపెనీ అంటే పెద్ద క్రేజ్. పార్టీగేమింగ్ అని లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఆ ఏడాదే లిస్టయింది, వెనకాల పని అంతా ఇక్కడి ఆఫీసులో. సాఫ్ట్‌వేర్ రాసింది ఐఐటీలో చదివిన అనురాగ్ దీక్షిత్. 2006 అక్టోబర్ మొదట్లో, అమెరికా కాంగ్రెస్ ఆన్‌లైన్ జూదానికి డబ్బు చెల్లింపులు ఆపే బిల్లు పాస్ చేయగానే, షేరు ఒక్క రోజులో సగానికి పైగా పడిపోయింది. ఆదాయంలో ఎక్కువ భాగం అమెరికా నుంచే వచ్చేది మరి. అక్కడి ఓట్లు లెక్కపెడుతుంటే ఇక్కడ అయ్యప్ప సొసైటీలో టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. నేను చూశాను, నాది పక్క బిల్డింగ్. 2008లో దీక్షిత్ అమెరికాలో నేరం ఒప్పుకుని 30 కోట్ల డాలర్లు కట్టాడు.

కానీ ఆ ఆఫీసు పోలేదు, గమనించు. బీవిన్‌తో కలిసింది, తర్వాత జీవీసీ కొనుక్కుంది, ఇప్పుడు ఎంటైన్ అంటున్నారు. హైదరాబాద్ సెంటర్ ఇంకా ఉంది. ఆట అక్కడి వాళ్లకి, కోడు ఇక్కడి వాళ్లది. నీ మొదటి దారి అలాంటిదే అయితే పూర్తిగా కొట్టిపారెయ్యకు.

బీరు_బాబు
2008లోనే 30 కోట్ల డాలర్లు కట్టగలిగాడంటే మనం ఏ లైన్‌లో ఉన్నామో ఆలోచించుకోవాలి.

నిర్వాహకుడు
రిఫరల్ లింక్ పెట్టిన పోస్టు తీసేశాను. జూదం గురించిన చర్చలో జూదం లింకులా? ఇంకోసారి పెడితే ఖాతా తీసేస్తాను.

లలిత_నైట్‌షిఫ్ట్
నేను రెండేళ్లు చాట్ సపోర్ట్‌లో చేశాను, పేరు చెప్పను, విదేశీ కాసినోకి. జీతం బాగానే ఉండేది. ఎందుకు మానేశానో చెప్తాను.

రాత్రి రెండింటికి ఒకాయన చాట్‌లోకి వచ్చాడు. మన రూపాయల్లో చెప్పాలంటే 38 వేలు గెలిచి విత్‌డ్రా పెట్టాడు. అది ఒక రోజు "పెండింగ్"లో ఉంటుంది. పక్కనే ఆకుపచ్చ బటన్, నొక్కితే డబ్బు మళ్లీ ఆటలోకి వచ్చేస్తుంది. మూడున్నరకి ఆయన మళ్లీ వచ్చి "ఆ బటన్ తీసెయ్యండి, నా వల్ల కావట్లేదు" అని రాశాడు. మా దగ్గర తీసే వీలుంది. కానీ సూపర్‌వైజర్ అనుమతి కావాలి, ఆయన నిద్రలో ఉన్నాడో ఏమో ఎత్తలేదు. నేను స్క్రిప్ట్‌లో ఉన్న లైను అంటించాను, "మీ విన్నపాన్ని సంబంధిత విభాగానికి పంపాము" అని. నాలుగూ నలభైకి ఆయన బ్యాలెన్సు 12 రూపాయలు. నా షిఫ్ట్ ఆరింటికి అయింది, క్యాబ్‌లో ఇడ్లీ తిన్నాను. తిన్నది గుర్తుంది, రుచి గుర్తులేదు.

పేకముక్క గారు ఏ ఇంటర్వ్యూకి వెళ్లినా ఈ ఒక్కటి అడగండి. విత్‌డ్రా పెట్టాక వెనక్కి తీసుకునే బటన్ ఉందా, లేదా? చెప్పడానికి నీళ్లు నమిలారంటే లేచి వచ్చెయ్యండి.

ఓడిపోయినోడు
లలిత గారు, ఆ బటన్ నాకు తెలుసు. ఆకుపచ్చది.

లండన్_లచ్చన్న
లలిత గారు చెప్పిన బటన్ బ్రిటన్‌లో లేదు. 2021 అక్టోబర్ చివరి నుంచి పూర్తిగా నిషేధం. క్రెడిట్ కార్డుతో జూదం 2020 ఏప్రిల్ నుంచే బంద్. 2025లో ఆన్‌లైన్ స్లాట్ ఆటకి ఒక్కో పందెం ఐదు పౌండ్లకి మించకూడదన్నారు, 18 నుంచి 24 ఏళ్ల వాళ్లకి రెండు పౌండ్లే. గ్యామ్‌స్టాప్ అని, జూదానికి దూరంగా ఉండాలనుకునేవాళ్ల జాబితా ఉంది, దాంట్లో ఒక్కసారి పేరు రాయించుకుంటే లైసెన్సు ఉన్న సైట్లన్నీ నిన్ను బయట పెట్టాలి. ఇవన్నీ అమలు చేయడానికి మనుషులు కావాలి. అందుకే ఫ్రాడ్, కంప్లయన్స్ ఉద్యోగాలు అక్కడ పెరిగాయి.

అలా అని బంగారం అనుకోకు. 2025 నవంబర్ బడ్జెట్‌లో ఆన్‌లైన్ కాసినో పన్ను 21 నుంచి 40 శాతం చేశారు, 2026 ఏప్రిల్ నుంచి. ఖర్చు తగ్గించుకోవాలంటే ఎవరి మీద పడతారో నీకు తెలియంది కాదు. లేదా పని అంతా హైదరాబాద్‌కి పంపిస్తారు, అది నీకు లాభం. రెండూ జరగొచ్చు.

మాల్టా_మూర్తి
నేను స్లీమాలో ఉంటున్నాను, నాలుగో ఏడు. గేమ్ టెస్టింగ్. మాల్టా గేమింగ్ అథారిటీ లైసెన్సుతో నడిచేవి ఇక్కడ బోలెడు. ఈ చిన్న దీవిలో ఎవరిని కదిపినా కాసినో ఉద్యోగమే, లేదంటే కాసినో వాళ్లకి అన్నం తెచ్చే డెలివరీ. డెలివరీ, క్యాబ్‌ల వాళ్లలో మనవాళ్లు చాలామంది.

జీతం యూరోల్లో అనగానే ఇంట్లోవాళ్లు వందతో గుణిస్తారు. అద్దె కూడా అలాగే గుణించమను. మొదటి నెల నేను ఒక గది కోసం జీతంలో సగం పెట్టాను, కిటికీ తెరిస్తే పక్కింటి ఏసీ గాలి. వర్క్ పర్మిట్ కంపెనీతో ముడిపడి ఉంటుంది, ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడానికి టైమ్ తక్కువ. నాకు ఈఎంఐ లేదు కాబట్టి వచ్చాను. నీకు 41 వేలు ఉంది.

ఇంకో మాట. నువ్వు రాసిన మూడింటిలో నాకు నచ్చనిది మాల్టా కాదు, ఆ కుర్చీ. విఐపి మేనేజర్ ఏం చేస్తాడో కాగితం మీద రాసి ఇచ్చారా?

పేకముక్క_92
ఇచ్చారు. "డిపాజిట్లు తగ్గిన కస్టమర్లను తిరిగి యాక్టివ్ చేయడం. పుట్టినరోజు బహుమతులు, మ్యాచ్ టికెట్లు. నెలవారీ టార్గెట్ మీద బోనస్."

మాల్టా_మూర్తి
అంతే. ఎక్కువ ఓడిపోయేవాడే విఐపి. గెలిచేవాడికి ఎవరూ పుట్టినరోజు కేకు పంపరు.

లండన్_లచ్చన్న
దీనికి 2020 అక్టోబర్ చివరి నుంచే బ్రిటన్‌లో గట్టి రూల్స్ వచ్చాయి. ఎవరినైనా విఐపి చేసే ముందు అతను తట్టుకోగలడా, జూదం పిచ్చి సంకేతాలు ఉన్నాయా చూడాలి, పై స్థాయి మనిషి పేరు మీద బాధ్యత ఉండాలి. ఎందుకు తెచ్చారో వేరే చెప్పాలా?

రమ్య_రిక్రూటర్
బ్యాంకుల వాళ్లు ఫోన్ పెట్టేస్తున్నారని రాశారు. రెజ్యూమె పంపండి, చూస్తాను అనబోతున్నాను కానీ ముందు ఇది చెప్పండి. మొదటి లైన్‌లో ఏం రాశారు?

పేకముక్క_92
"ఆన్‌లైన్ రమ్మీ రంగంలో ఆరేళ్ల అనుభవం."

రమ్య_రిక్రూటర్
అయ్యో రామా. అబద్ధం ఆడమనడం లేదు, కంపెనీ పేరు దాచొద్దు. కానీ మొదటి లైన్ పని గురించి ఉండాలి. దొంగ ఖాతాలు పట్టుకోవడం, కేవైసీ, యూపీఐ మోసాలు, చార్జ్‌బ్యాక్. పేమెంట్ కంపెనీలు, ఇన్సూరెన్స్, ఆన్‌లైన్ అప్పుల కంపెనీలు వీటి కోసమే మనుషుల్ని వెతుకుతున్నాయి. రోజుకి ఎన్ని కేసులు చూసేవారు, వాటిలో పొరపాటున పట్టుకున్నవి ఎన్ని, ఏ టూల్ వాడారు, ఇవి రాయండి. "ఎందుకు మానేశారు" అంటే ఒక్క వాక్యం, 2025 చట్టం వల్ల కంపెనీ డబ్బు ఆటలు ఆపేసింది. ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు. డ్రీమ్11 అంతటి వాళ్లే డబ్బు పోటీలు ఆపేసి టీమిండియా జెర్సీ మీద నుంచి తప్పుకున్నారు.

అల్లుడుగారు
రమ్య గారు, పెళ్లి సంబంధాలకి కూడా మొదటి లైన్ ఏం రాయాలో చెప్పండి. మా తమ్ముడు క్రికెట్ బెట్టింగ్ సైటుకి డేటా సైన్స్ చేస్తాడు. అమ్మాయి వాళ్ల నాన్న "ఐపీఎల్‌లో బుకీనా బాబూ" అన్నాడు. లేచొచ్చారు.

హుస్సేన్‌సాగర్_గట్టు
"క్రీడా గణాంకాలు" అని రాయించు.

ఓడిపోయినోడు
పేకముక్క, పొద్దున కోపంలో అన్నాను. ఒకటి మాత్రం చెప్తాను. నా ఖాతాలో రోజుకి మూడుసార్లు డిపాజిట్ లిమిట్ పెంచమని అడిగాను ఒక వారం. మూడుసార్లూ పెంచారు. నీలాంటి టీమ్ అది చూడగలదు కదా? చూశారా?

పేకముక్క_92
చూడగలం. మా స్క్రీన్ మీద ఆ వరుస కనబడుతుంది. మాకు ఇచ్చిన పని మోసం ఉందా లేదా అని మాత్రమే. మోసం లేకపోతే "క్లియర్" కొట్టి తర్వాత కేసుకి వెళ్లేవాళ్లం. మీలాంటివి నేను ఎన్ని క్లియర్ కొట్టానో లెక్క లేదు అన్నా.

ఓడిపోయినోడు
సరే. చెప్పినందుకు.

గచ్చిబౌలి_గణపతి
రెండు రోజులు ఎవరూ రాయలేదు. పేకముక్క, ఏమైంది?

పేకముక్క_92
దుబాయ్ వాణ్ణి బ్లాక్ చేశాను. చేసేముందు ఆఫర్ లెటర్ అడిగా, "ముందు పాస్‌పోర్ట్ ఫొటో పంపు బ్రో" అన్నాడు. చిన్నోడికి దండం.

మాల్టా వాళ్లకి విఐపి వద్దు, మీ దగ్గర ఫ్రాడ్ పని ఉంటే చెప్పండి అని రాశాను. ప్రస్తుతానికి లేదన్నారు.

నిన్న హైదరాబాద్ ఆఫీసులో రెండో రౌండ్. చివర్లో "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అంటే లలిత గారి ప్రశ్న అడిగాను. ఎదురుగా ఉన్నావిడ నవ్వి, బ్రిటన్‌లో అది ఎప్పుడో పోయింది, మీకెలా తెలుసు అంది. అయితే వేరే దేశాల సైట్లలో ఉందా అన్నాను. కాసేపు ఆగి, "కొన్ని చోట్ల ఉంది" అంది. నీళ్లు నమల్లేదు, అది మాత్రం నిజం.

ఈలోగా రమ్య గారు చెప్పినట్టు రెజ్యూమె మార్చి ఐదు చోట్ల పంపాను. ఒక పేమెంట్ కంపెనీ వాళ్లు సోమవారం పిలిచారు. జీతం ఏడాదికి రెండు లక్షలు తక్కువ. రెండూ వస్తే ఏం చేస్తానో ఇంకా తేల్చుకోలేదు. మా ఆవిడ మాత్రం తేల్చేసుకుంది.

లలిత_నైట్‌షిఫ్ట్
వేరే దేశాల సైట్ల ఫ్రాడ్ పని కూడా మీ టీమ్‌కే వస్తుందేమో మూడో రౌండ్‌లో అడగండి.

పేకముక్క_92
రాసుకున్నాను.

అల్లుడుగారు
మీ బాబాయి మాట్లాడుతున్నాడా ఇప్పుడైనా?

పేకముక్క_92
యాప్ మూతపడ్డాక ఆయనే ఫోన్ చేశాడు. "నీ ఉద్యోగం కూడా బ్లాక్ చేశారట కదా" అని.